లాడ్జీలను జల్లెడ పట్టిన అరుంధతి

1968లో విశ్వవిద్యాలయంలో చరిత్ర సదస్సు పెట్టారు. క్యాంపస్ అతిథి గృహం ఆచార్యులతోనే నిండిపోయింది. మిగిలినవాళ్లకు బస చూసే పని లైబ్రరీలో పుస్తకాలను వర్గీకరించే అరుంధతి మీద పడింది. క్యాంపస్ పక్కనే తార్నాకలో తల్లి బుచ్చవ్వతో ఉండే ఆమెకు, దేన్నైనా దాని జాతిలో చేరిస్తేనే మనసు నిమ్మళం. వంటింట్లో పప్పుడబ్బాలను కూడా వదిలేది కాదు.

సికింద్రాబాద్ లాడ్జీలన్నీ తిరిగింది. ఒక్కో లాడ్జీకి ఒక్కో అట్టముక్క చేసింది. అట్ట అంచున వరుసగా రంధ్రాలు: వేడినీళ్లకు ఒకటి, శాకాహార భోజనానికి ఒకటి, తార్నాకకు నేరుగా బస్సుందా అన్నదానికి ఇంకొకటి. ఆ వసతి ఉంటే రంధ్రాన్ని అంచుదాకా కత్తిరించేది. అట్టలన్నీ కలిపి, వేడినీళ్ల రంధ్రంలో స్వెట్టరు సూది దూర్చి పైకెత్తితే, వేడినీళ్లున్న లాడ్జీలు జలజలా రాలిపడేవి. లేనివి సూదికి వేలాడేవి.

"లాడ్జీలను గిట్ల చాటల చెరుగుతరా బిడ్డా!" అని బుచ్చవ్వ పడీపడీ నవ్వింది.

వరంగల్ నుంచి సమ్మయ్య, వెంకటేశం అనే లెక్చరర్లు వచ్చారు. ఇద్దరూ ప్రాణస్నేహితులే కానీ, బసలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువైతే ఊరుకోరు. ఒకేచోట రెండు గదులు దొరకలేదు. అరుంధతి సూది గుచ్చితే అన్ని వసతులూ సమంగా ఉన్న రెండు లాడ్జీలు రాలాయి. కవల పిల్లలే అని మురిసిపోయి చెరొకటి ఇచ్చింది.

తెల్లారి ఇద్దరూ లైబ్రరీకొచ్చారు.

"ఏందమ్మా, కిటికీ కిందనే రైలు పట్టాలు! కంటి మీద కునుకు లేదు," అన్నాడు సమ్మయ్య.

"నా దగ్గర చప్పుడే లేదు," అన్నాడు వెంకటేశం. "కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల పెరిగినోణ్ణి. ఇంజన్ కూత లేకుంటే నిద్రెట్ల పడ్తది?"

అరుంధతి ముఖం చిన్నబోయింది. చప్పుడుకు రంధ్రం పెట్టడమే మరిచింది. పెట్టినా, చప్పుడును వసతి అనుకోవాలా, లోపం అనుకోవాలా? కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫక్కున నవ్వేసింది.

"లాడ్జీలనైతే అన్నీ అడిగిన సార్, మిమ్మల్నే అడగలే. గదులు మార్చుకోండి."

తర్వాతి సదస్సుకు అతిథులకు కూడా అట్టలు చేసింది. ఎవరికి ఏం కావాలో ముందే రాసి పంపమన్నది. ఒక పెద్దాయన, పక్కగదిలో గురక పెట్టేవాళ్లు ఉండకూడదన్నాడు. సరేనని గురకకూ ఒక రంధ్రం పొడిచింది.

"గురక పెడ్తనని ఎవలు ఒప్పుకుంటరు బిడ్డా?" అన్నది బుచ్చవ్వ.

ఇద్దరు ఒప్పుకున్నారు. వాళ్లకు పక్కపక్క గదులిచ్చింది.