బావ మరిచిపోలేదు

మంగళవారం ఉదయం ఏడింటికి అప్ప ఫోన్ చేసి, "ఒరే, మీ బావ ఎంత పిల్సినా లెగడం లేదురా" అంది. నరసన్నపేటలో వాళ్లిల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. నేను వెళ్లేసరికే ఒళ్లు చల్లబడిపోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

ఆయన నాకు సొంత బావ కాదు. ఆయన భార్యదీ నాదీ పుట్టినూరు ఒకటే, అంచేత ఆమె నాకు అప్ప, అంటే అక్క వరస, ఆయన బావ. ముప్పై ఏళ్లు కరెంటు లైన్‌మేన్‌గా చేశాడు. మా వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా పిలవకముందే స్క్రూడ్రైవరు పట్టుకొచ్చేవాడు.

రిటైరయ్యాక కళింగపట్నంలో ఇంజను పాడైన చిన్న ఫైబరు బోటు కొని, వెదురు బొంగు నిలబెట్టి, టార్పాలిన్‌తో తెరచాప కుట్టించాడు. ఉత్త సరదాకి. ఆదివారాలు వంశధార సముద్రంలో కలిసేచోట, ఏట్లోనే అటూ ఇటూ తిరిగి రావడానికి. తోడుకి నన్ను లాక్కెళ్లేవాడు. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు నవ్వేవారు.

"వలా లేదు, సేపా లేదు, ఏటి మావా మీకీ సోకు?"

"గాలి పట్టడానికెల్తన్నాం" అనేవాడు బావ.

మాకు జరగని అవకతవక లేదు. మొదటిరోజే తెరచాప తలకిందులుగా కట్టాం. గాలి మళ్లినప్పుడు తెరచాప అడుగున అడ్డంగా కట్టిన బొంగు గిర్రున తిరిగి నా నుదుటికి తగిలి బొప్పి కట్టింది. ఒకసారి ఇసుకమేట మీద కూరుకుపోయి, పోటు వచ్చేదాకా మూడు గంటలు ఎండలో కూర్చున్నాం. అప్ప కట్టిచ్చిన చేగోడీలు అయిపోయాయి, నీళ్లయిపోయాయి, ఆయన కబుర్లు మాత్రం అవలేదు. ఇంకోసారి గాలే ఆగిపోతే, మోకాలిలోతు నీళ్లలో బోటుకి తాడు కట్టి దూడని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చాం. నేను చిరాకుపడితే, "కరెంటూ గాలీ ఒకటేరా. కంటికి కనబడవు. మనకి పనుందని ఆటికి తెలీదు" అనేవాడు.

నాకు ఈత రాదు. అందుకని బోటెక్కగానే నా నడుముకో తాడు కట్టి, రెండో కొస తన నడుముకి కట్టుకునేవాడు.

బోటు అడుగున వెనక ఒక కన్నం ఉంటుంది, ఒడ్డున ఉన్నప్పుడు వాననీళ్లు పోవడానికి. నీళ్లలోకి దించేముందు దానికి రబ్బరు బిరడా పెట్టాలి. ఆ పని బావ నాకెప్పుడూ అప్పగించలేదు. తనే పెట్టేవాడు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం, బావ బిరడా పెట్టి తాళ్లు తేవడానికి వెళ్లాడు. బోటులో ఇంకా రెండు దోసిళ్ల నీళ్లు నిలిచున్నాయి. అవి కూడా పోతాయని నేను బిరడా తీశాను. ఇంతలో మా ఆవిడ ఫోన్ చేసింది. మాట్లాడుతూ బిరడా చొక్కా జేబులో వేసుకున్నాను. ఫోన్ పెట్టేసరికి బావ వచ్చేశాడు, ఇద్దరం కలిసి బోటు తోసేశాం.

ఏటి మధ్యకి వచ్చాక కాళ్ల కింద నీళ్లు. బావ తెరచాప వదిలేసి డబ్బాతో తోడుతుండగానే బోటు ఒరిగి బోల్తాపడింది. మునిగిపోతున్న నన్ను ఆ నడుం తాడు పట్టుకునే పైకి లాగాడు. ఒడ్డునున్నవాళ్లు మోటారు బోటులో వచ్చి మమ్మల్నీ, బోటునీ ఈడ్చుకొచ్చారు. తిరగేసి చూస్తే కన్నం తెరిచే ఉంది.

"బిరడా మరిసిపోనావేటి మావా?" అన్నారెవరో.

బావ ఆ కన్నం వైపే చూస్తూ నిలబడ్డాడు. "పెట్టినట్టే గురుతురా" అన్నాడు నాతో, మెల్లగా.

అప్పటికే నా చెయ్యి జేబు మీదికి పోయింది. లోపల బిరడా తగులుతోంది. "పెట్టాననుకున్నావేమో బావా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. మర్నాడు చెప్పినా రెండు తిట్లు తిట్టి, నవ్వేసి ఊరుకునేవాడు. కానీ నేను ఇంటికొచ్చే దారిలో బిరడాని కాలవలోకి విసిరేశాను.

నెల తిరక్కుండా బావ బోటు ఎవరికో ఇచ్చేశాడు. "మతి మీద నమ్మకం పోయినోడు నీల్ల మీదకి ఎల్లకూడదు" అన్నాడు. స్కూటరు తీయడం మానేశాడు. గేటుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. గ్యాసు కట్టానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి తిరిగేవాడు. ఎవరింట్లోనైనా ఫ్యూజు పోతే, "ఇంకెవరినేనా పిలుసుకోండి, నా సెయ్యి మీద నాకే నమ్మకం లేదు" అనేవాడు. నేను రోజూ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని టీ తాగుతూనే ఉన్నాను. చెప్పదలచుకుంటే రెండేళ్లలో ఎన్ని సాయంత్రాలు! ఒక్క సాయంత్రం కూడా నోరు విప్పలేదు.

పదకొండో రోజు అయ్యాక అప్పకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాతో సెప్పాడ్రా" అంది అప్ప. "నాను పెట్టానే, నా సేత్తో పెట్టాను అని ఆ వారమంతా సెప్తానే ఉన్నాడు. నానే నమ్మలేదు. వయసైపోనాది, ఒప్పుకోరాదా అన్నాను. మరింక సెప్పడం మానీసినాడు."

నా తప్పు దించుకుందామని వెళ్లి, ఆమె నెత్తిన ఇంకొకటి పెట్టాను. ఇది చదివేవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లుంటే, ఆయన మతి చివరిదాకా చెక్కుచెదరలేదని తెలుసుకోవాలి. అందుకే రాస్తున్నాను.

అప్ప అరుగు మీద కూర్చుంది. కుడిచేతి బొటనవేలు గచ్చుకి ఆనించింది.

"ఇలా నొక్కానే, అని సూపించీవోడు" అంది.

గట్టిగా నొక్కింది. గోరు తెల్లబడింది. నేను లేచి వచ్చేస్తున్నప్పుడు కూడా ఆ వేలు అక్కణ్నుంచి తియ్యలేదు.