తొర్ర లేని వేప

నా కట్టెకోత మిషన్ చూడడానికి వచ్చినవాళ్లు ముందుగా దాని కింద పోసిన కాంక్రీటును మెచ్చుకుంటారు. ఇంత గట్టి పునాది ఇంటికి కూడా ఎవరూ వేసుకోరంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది నాకు. ఆ కాంక్రీటు నా తెలివి వల్ల పడింది కాదు. మా అక్కకు నేను చేసిన ఒక అన్యాయం వల్ల పడింది.

తాండూరులో బండల కోత మిషన్ల దగ్గర ఇరవై ఏళ్లు ఫిట్టర్‌గా చేశాను. రాయిని కోసే మిషన్ ఏది ఆగినా నన్నే పిలిచేవాళ్లు. దాంతో కొంచెం పొగరు కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఫోన్‌లో ఎవరో ఇంటి వెనక కట్టెకోత మిషన్ కట్టుకున్న వీడియో చూసి, రాయిని కోసినవాణ్ని కట్టెను కోయలేనా అనుకున్నాను. మామూలు సామిల్లులో మొద్దును రంపం దగ్గరకు తోస్తారు. ఇందులో మొద్దు కదలదు. పట్టీలాంటి సన్నని రంపం బ్లేడు రెండు చక్రాల మీద గిరగిరా తిరుగుతుంటే, ఆ చక్రాల బండినే పట్టాల మీద మొద్దు పొడుగునా నెట్టుకుంటూ పోవాలి. మా సొంతూరు యాలాల్ వైపు పొలాల్లో పడిపోయిన వేపలకు, తుమ్మలకు లెక్క లేదు. వాటిని కోసిపెట్టేవాడు దగ్గర్లో లేడు. తాండూరులో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, ఆ లోటు నేను తీరుద్దామనుకున్నాను.

వికారాబాద్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి రెండు కారు చక్రాలు ప్యాసింజర్ రైల్లో వేసుకొచ్చాను. మా ఇంటామె వాటిని చూసి, "చక్రాలైతే ఒచ్చినయి, ఇగ కారు ఒక్కటే తక్కువ" అంది. ఎవరి బావి దగ్గరో మూలకు పడ్డ డీజిల్ ఇంజన్ తెచ్చి బాగుచేశాను. మొదటి రోజు బ్లేడు చక్రం మీంచి జారి రేకుల గోడకు తగిలింది. అప్పుడు దాని చుట్టూ డబ్బా కట్టాను. తరువాత బ్లేడు కోతలో పాములా మెలికలు తిరిగితే, రెండు పక్కలా బేరింగులు పెట్టి పట్టి ఉంచాను. వేప జిగురు అంటుకుంటుంటే, బండల మిషన్ అలవాటు కొద్దీ, చుక్కచుక్కగా నీళ్లు పడేటట్టు పైపు బిగించాను. ఎండాకాలం మధ్యకు వచ్చేసరికి నా మిషన్ తుమ్మ పలకను అప్పడంలా కోయసాగింది.

పట్టాల కింద మాత్రం బండలు పరిచాను. మా తాండూరు వాళ్లకు ఏ పని పడినా బండే గుర్తుకొస్తుంది. ఇంటి కింద బండ, కప్పు మీద బండ, చేను చుట్టూ నిలబెట్టిన బండ, అల్మారాలో అరలకు కూడా బండే. సిమెంటు తెప్పించడానికి ఎవరికి మనసొప్పుతుంది? నల్లరేగడి నేలను కాస్త చదును చేసి, మందంగా ఉన్న బండలు ఏరి వరసగా వేసి, వాటి మీద పట్టాలు బిగించాను. ఎండకు గట్టిపడిన నేల మీద అవి అద్దంలా కూర్చున్నాయి.

అది చూసి ఉస్తాద్ ఒక్కడే పెదవి విరిచాడు. ఉస్తాద్ మా గల్లీలో ముసలి వడ్రంగి. చేతిరంపంతో ఇద్దరిద్దరు నిలబడి మొద్దులు కోసిన కాలం నాటివాడు. రోజూ వచ్చి నా మిషన్ ముందు స్టూలేసుకొని కూర్చునేవాడు. "రేగడి మీద బండ, నీళ్ల మీద పడవ బేటా. మిరుగు వాన పడనీ, నీకే తెలుస్తది" అన్నాడు. పైపులో నీళ్లు పోసి లెవెల్ చూసుకుంటూ ఉండమని కూడా చెప్పాడు. సరేనన్నాను. రెండుసార్లు చూశాను. తరువాత మానేశాను.

ఇక అక్క సంగతి. అక్క నాకంటే అయిదేళ్లు పెద్దది. బషీరాబాద్‌లో ఇచ్చారు. మూడేళ్ల కింద వాళ్లు ఇల్లు మొదలుపెట్టినప్పుడు నన్ను ఒకే ఒక్కటి అడిగింది. "తమ్మీ, మన చేన్ల వేపతోటి నాకు దర్వాజ కావాలె. నువ్వే కోసియ్యాలె. రోజూ నా పుట్టింటి కట్టె దాటుకుంట ఇంట్లకు పోవాలె."

ఆ వేప అక్కదే. పదేళ్ల పిల్లగా బావి దగ్గర మొలిచిన మొక్కను తెచ్చి చేను ఒడ్డున నాటింది. చెంబుతో నీళ్లు మోసింది. ఒక మధ్యాహ్నం గచ్చకాయల ఆటలో పడి అక్క చూడనప్పుడు మేక వచ్చి మొక్క తల కొరికేసింది. అక్క ఏడుస్తూ పేడా మట్టీ కలిపి అద్ది, తన లంగా అంచు చింపి కట్టు కట్టింది. లంగా చింపినందుకు అమ్మ అక్క వీపు పగలగొట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను. చెట్టు బతికింది. పెరిగింది. ఎంత పెరిగిందంటే కొట్టించేనాటికి దాని మొద్దు ఒక్క మనిషి కౌగిలికి అందేది కాదు.

మృగశిర కార్తె వచ్చి, ఆ మిరుగు వానలు రెండు గట్టిగా పడ్డాక వేప మొద్దు ట్రాక్టర్ మీద వచ్చింది. దానితోపాటు మా ఊరివాళ్లు ఏడెనిమిది మంది మిషన్ చూడడానికి వచ్చారు. అక్కడే నా కొంప మునిగింది. ముందు లెవెల్ చూడాలి. చూస్తే సగం పూట పోతుంది. అంతమందిని నిలబెట్టి పైపులో నీళ్లు పోసుకుంటూ కూర్చుంటే, వీడికి వీడి మిషన్ మీదే నమ్మకం లేదనుకుంటారని ఇంజన్ స్టార్ట్ చేశాను.

మొదటి కోత అయ్యాక పై పలక తీశాం. నాకు బాగానే కనిపించింది. ఉస్తాద్ లేచి వచ్చి దారం పట్టి చూశాడు.

"నడుమ ఉబ్బింది. కింద రేగడి పొంగి బండ లేసినట్టుంది. ఇగ ఆపు బేటా" అన్నాడు. తరువాత నా చెవి దగ్గరకు వచ్చి, "ఇంక మొద్దంత అట్లనే ఉంది. నాకియ్యి. రంపం, బాడిశతోటి నాలుగు రోజుల్ల నీ అక్క దర్వాజ చౌకట్టు తీసిస్త" అన్నాడు.

అప్పుడు సరే అనుంటే ఈ కథే లేదు. అంతమంది ముందు, ఇన్ని నెలలు కట్టిన మిషన్ పక్కన పెట్టి, కళ్లు సరిగా కనిపించని ముసలాయన చేతిరంపానికి మొద్దు అప్పగించాలా? "బ్లేడు జర లూజైంది ఉస్తాద్, గంతే" అన్నాను. స్క్రూ బిగించాను. మొద్దును తిప్పి మళ్లీ కోశాను. మళ్లీ ఉబ్బు. ఉబ్బును తీయడానికి ఇంకో కోత. అది వంకర పోతే దాన్ని సరిచేయడానికి మరోటి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవడమంటే అదే. నేను కోస్తున్నది కట్టెను కాదు, నా పంతాన్ని అని నాకు తెలుస్తూనే ఉంది. చేతులు మాత్రం ఆగలేదు.

అలా కోస్తూ పోగా ఒక కోతలో చెట్టు నడి గుండె బయటపడింది. చెట్టు మొదలుకు మోకాలి ఎత్తులో బొటనవేలంత నల్లటి మచ్చ ఉంది. మేక కొరికిన చోటు. మచ్చ చుట్టూ కట్టె ముడుచుకొని, మూసుకొని, దాని పైన ఏమీ జరగనట్టు నిటారుగా పెరిగింది. చుట్టూ ఇనుములాంటి కట్టె. నేను దాన్ని గుర్తుపట్టాను. ఉస్తాద్‌కు చూపించి, "గిదే, మా అక్క కట్టు కట్టిన జాగ" అని కూడా అన్నాను. అని, మళ్లీ కోశాను.

చివరకు మిగిలినవి వంకర పలకలు. చౌకట్టుకు కావలసిన మందం ఒక్కదానిలోనూ లేదు. వచ్చినవాళ్లు ఒకరొకరే చల్లగా జారుకున్నారు. అప్పుడే అక్క ఫోన్ వచ్చింది.

"కోసినవా తమ్మీ? మంచిగొచ్చిందా?"

"లోపల తొర్ర ఉండె అక్కా. పనికి రాలే."

ముందుగా అనుకొని చెప్పింది కాదు. నోట్లోంచి దానంతటదే దూకింది. ఉస్తాద్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

 అక్క తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"నేనే చేసిన తమ్మీ" అంది. "గా దినం ఆటల పడి చూడకపోతి. మేక కొరికింది గద. గప్పుడే లోపలికి దెబ్బ పోయినట్టుంది. పైన పచ్చగనే ఉండె, లోపల గిట్లయితదని నాకేం తెలుసు?"

మేక కాటు మానిన పలక నా కాలి దగ్గరే ఉంది. చెప్పడానికి ఒక్క మాట చాలు. చెప్పలేదు. "పోనీ తీయక్కా, ఏం జేస్తం" అన్నాను. నా తప్పు తన నెత్తికెత్తుకున్న మనిషిని నేను ఓదార్చాను.

దర్వాజ తాండూరు దుకాణంలో కొన్నారు. గృహప్రవేశానికి ఒడిబియ్యం, కొత్త బట్టలు తీసుకొని వెళ్లాం. అక్క చుట్టాలందరికీ నన్ను చూపించి, "మా తమ్ముడు మస్తు కష్టపడ్డడు, చెట్టే మోసం చేసింది" అని చెప్పింది.  మేం బయల్దేరుతుంటే గేటుదాకా వచ్చి, పలకల సంగతి అడిగింది. కాల్చేశానన్నాను. అది రెండో అబద్ధం.

తిరిగి రాగానే బండలన్నీ పీకేశాను. రేగడి అంతా తవ్వి, మొరం పోసి, కాంక్రీటు వేశాను. పట్టాల కింద అడుగడుగుకీ బోల్టు పెట్టాను, వెంట్రుకంత తేడా వచ్చినా సరిచేసుకునేటట్టు. బ్లేడు బిగువు చూడడానికి స్ప్రింగు పెట్టాను. రోజూ ఇంజన్ ముట్టుకునే ముందు లెవెల్ చూస్తాను. ఇప్పుడు నా మిషన్ కోసిన పలక మీద గోళీ పెడితే దొర్లదు. దాన్ని ఇంత సూటిగా కోయించే ప్రతి మార్పూ అక్క దర్వాజ పోయాక వచ్చిందే. ఆ దర్వాజకు మాత్రం ఒక్కటీ పనికిరాలేదు.

మచ్చ ఉన్న పలకను రేకుల వెనక గోనెసంచిలో చుట్టి దాచాను. ఉస్తాద్ ఏడాదిన్నర రాలేదు. వచ్చిన రోజు పట్టాల మీద దారం పట్టి చూసి, "మిషన్ సీదా అయింది. నువ్వు కాలే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు కోపం వచ్చింది. నిజం కాబట్టి వచ్చింది.

ఈ ఏడు ఎండాకాలంలో అక్క షుగర్ చూపించుకోవడానికి తాండూరు వచ్చి, మా ఇంటికొచ్చింది. మా ఇంటామె రెండు రోజులు ఉండి పొమ్మంది. అక్క కూర్చోనైనా కూర్చోలేదు.

"ఉండరాదు మరదలా. ఇంటి ముందల వేప మొక్క పెట్టిన. చుట్టు బండలు నిలబెట్టిన గని మేకలు ఆగుతయా? ఈసారి ఇంక ఎవ్వరిమీద ఇడువను. నేను లేకుంటె కొరుకుతయి. మళ్ల లోపల తొర్ర పడుతది."

పోయిన నెల చిన్నత్త మనవడి పెళ్లికి కూడా ఆ మొక్క కోసమే పోలేదట. నవ్వుతూ చెప్పింది. యాభై దాటిన మనిషి, నా అబద్ధం పక్కన కట్టె పట్టుకొని కాపలా కూర్చుంటోంది. ఇంక నా వల్ల కాలేదు.

అక్కను రేకుల వెనకకు తీసుకుపోయాను. గోనెసంచి విప్పి పలక చేతిలో పెట్టాను. "తొర్ర లేకుండె అక్కా. నేను వంకర కోసి చెడగొట్టిన. ఉస్తాద్ ఆపమన్నా వినలే. నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

విన్నదో లేదో తెలియలేదు. అక్క మచ్చనే చూస్తోంది. దాన్ని బొటనవేలితో తడిమింది. మచ్చ పైన నిటారుగా పోయిన గీతలను చివరిదాకా తడిమింది.

"మానింది గదరా" అంది. చిన్నపిల్లలా ఉంది ఆ గొంతు. "నేను కట్టిన కట్టుకు మంచిగ మానింది."

కళ్లు తుడుచుకుంది. నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు నా వైపు తిరిగింది.

"గిది గా దినమే చూసినవా?"

"చూసిన."

"నాతోటి మాట్లాడకముందేనా?"

"ముందే అక్కా."

 అక్క పలకను కొంగులో చుట్టుకుంది. బషీరాబాద్ ఆటో దగ్గరిదాకా వెంట నడిచాను. మోస్తానంటే ఇవ్వలేదు. ఎక్కి కూర్చొని పలకను ఒళ్లో పెట్టుకుంది. మా అక్క పుట్టింటి నుంచి పోయేటప్పుడు "పోయొస్త తమ్మీ" అని రెండుసార్లు అంటుంది, గడప దగ్గర ఒకసారి, బండి కదిలేటప్పుడు ఒకసారి. ఇంటి దగ్గర అనలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఆటో కదిలేదాకా దాని పక్కనే నిలబడ్డాను. అక్క ఆ మాట అనలేదు.