ఎండకు పెట్టిన గొట్టం

మా ఇంటాయన పేరు నేను నోట్ల తీయ. మా వాడ, భవాని పేట్ అంతా పెంటయ్య అంటది. నలభై ఏండ్లు వచ్చేదాక మగ్గమే ఆయన లోకం. తొంభై ఒకటిల రెండు వేళ్లు మగ్గంల పడి నలిగినయ్. తెగిన పోగుకు ముడెయ్యరానోడు ఎవరికి పనికొస్తడు? మూడు నెలలు ఇంట్లనే కూసున్నడు. బీడీలు చుట్టుకుంట ఆయన మొఖం చూడలేక సచ్చిన.

అప్పుడే హోట్గి రోడ్ మీద రామచంద్రం శేట్ దుప్పట్లకు పూల అచ్చులేసే కార్ఖానా పెట్టిండు. సన్న బొక్కలున్న నికెల్ గొట్టం తిరుగుతనే ఉంటది, కింద బట్ట ఆగకుండ పోతనే ఉంటది, పూలు పడుతనే ఉంటయ్. ఆ గొట్టానికి పువ్వెక్కించే పని మా ఆయనకిచ్చిండు. ఎపాక్సీ మందు పూసి, చీకటి గదిల పసుపు బల్బు కింద ఆరబెట్టాలె. మీద నల్ల పూల ఫిల్ము చుట్టి, కంటికి కనబడని వెలుగిచ్చే దీపం పెట్టాలె. వెలుగు తగిలిన కాడ మందు గట్టిపడతది. నల్ల పువ్వు అడ్డమున్న కాడ మెత్తగనే ఉండి నీళ్లకు పోతది. ఆ బొక్కలల్లకెళ్లే రంగు దిగుతది. ఆఖరికి భట్టీల కాలిస్తే ఇగ ఊడదు. సోమవారానికి మొదటి గొట్టం సరిగ్గ రాకపోతే ఇంటికే అన్నడు శేట్.

శనివారం నేను అన్నం డబ్బా పట్టుకపోయిన. ఆయన నల్లా కాడ చేతులు కడుగుతుండె. గదిల చూస్తే గొట్టం తడితడిగున్నది. ఆషాఢం ముసురు, నాలుగు దినాలకు అప్పుడే ఎండ కాసింది. మా అవ్వ ఎండ పొడ కనబడితే చాలు, గంజి పెట్టిన నూలు పట్టుకొని బయటికి ఉరికేది. చీకటిల ఎందుకు పెట్టిండ్రో నాకు అప్పుడేం ఎరుక, నా చెయ్యి ఊకుంటదా? గొట్టాన్ని ఎత్తుకపోయి ఎండల నిలబెట్టిన. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది!

ఆయన వచ్చి గొట్టాన్ని గోటితో గీకి చూసిండు. ఆ దీపంల ఉన్న వెలుగే ఎండల గూడ ఉంటదట. మందంతా గట్టిపడ్డది, పువ్వుకు జాగనే లేదు. ఉన్నది ఒక్కటే గొట్టం. అంతల శేట్ వచ్చి, దీన్ని ఎవరు బయట పెట్టిండ్రని అడిగిండు. నేను నోరు తెరవబోయిన.

“నేనే పెట్టిన శేట్,” అన్నడు మా ఆయన. “ఇంకా భట్టీల కాల్చలె. ఊడుతది.”

మందు విప్పే నీళ్లల్ల గొట్టాన్ని ముంచి, ఆ నలిగిన చేత్తోనే గుడ్డ పట్టి మెల్లగ తుడిసిండు. శేట్ చేతులు కట్టుకొని పక్కనే నిలబడ్డడు. గంటకు మందు పొరలు పొరలుగ ఊడొచ్చింది. హమ్మయ్య, నేను గోడకు ఆనుకొని ఏడ్సిన. మళ్లీ మందు పూసి, ఐతారం గూడ ఇంటికి రాకుండ పని చేసిండు. సోమవారం బట్ట మీద పూలు దిగినయ్, ఒక్కటి చెదరలె. ఇగ గొట్టాలన్ని నువ్వే చూస్కొమ్మన్నడు శేట్.

ఆ మొదటి దుప్పటి ఆయన ఇంటికి తెచ్చిండు. దాన్ని ఉతికి చేతుల పట్టుకొని నిలబడ్డ, ఎండకు వెయ్యనీకె చెయ్యి రాలె. ఆయన వచ్చి తీసుకొని డాబా మీద తానే ఆరేసిండు.

“దీనికి ఎండ మంచిదేనే,” అన్నడు.