యాభై పడకలు, ముగ్గురు సిస్టర్లు

నరసాపురంలో కాలవ గట్టునున్న ఓ నర్సింగ్ హోమ్‌లో బేబీ సిస్టర్ పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. మొగల్తూరు అవతల, సముద్రపు ఒడ్డున, వేటకెళ్ళేవాళ్ళ ఇంట్లో పుట్టింది. తల్లి లోవమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి ఆమెని నర్సింగ్ చదివించింది. కరెంటు పోయినా నరం దొరకబుచ్చుకునే వేళ్ళు బేబీవి. ఆమె సూది గుచ్చితే పసిపిల్లల మొహంలో ఏడుపు రావాల్సిన చోట ఒక చిన్న ఆశ్చర్యం వచ్చి ఆగేది.

గల్ఫ్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి ఆమె ఇంటర్వ్యూ పాసైంది. అక్కడ ఒక నర్సుకి అయిదుగురే రోగులట. ఆ మాట ఆమెకి కలలో కూడా వినిపించేది. అయితే ముప్పై అయిదు దాటినవాళ్ళని వాళ్ళు తీసుకోరు. శ్రావణంలో ఆమెకి ముప్పై అయిదు నిండుతాయి. పైగా కనీసం యాభై పడకల ఆసుపత్రిలో పనిచేసి ఉండాలి. ఇక్కడున్నవి ఇరవై రెండు.

"అదేంటమ్మా! వానాకాలం జ్వరాలప్పుడు వరండాలో, మెట్ల కింద మడత మంచాలేసి యాభై మందిని చూడట్లేదా నువ్వు? అవి మంచాలు కావా?" అంటూ డాక్టర్ రమేష్ బాబు గారు సర్టిఫికెట్‌లో యాభై అని రాయించి సంతకం పెట్టారు. అబద్ధం రాస్తున్నానని ఆయన అనుకోలేదు. అనుకోకుండా ఉండడానికి బేబీ చాలా కష్టపడింది.

కాగితాలు సరిచూసే సంస్థ నుంచి వైశాఖంలో మెయిల్ వచ్చింది. మర్నాడు పదింటికి వీడియో కాల్ చేస్తామని, పడకలన్నీ చూపించాలని.

తెల్లారగానే ఆయా అచ్చాయమ్మ స్టోరు గదిలోంచి మడత మంచాలు లాక్కొచ్చింది. ఇనప కాళ్ళు సిమెంటు మీద గీసుకుంటుంటే వీధి కుక్కలు మొరిగాయి. బేబీ ఒక్కో మంచం మీదా తెల్ల దుప్పటి పరిచింది. ఎండాకాలం, జ్వరాలు లేవు. ఇరవై ఎనిమిది మంచాలు ఎవరో బయల్దేరారని కబురందినట్టు వరసగా, నిశ్శబ్దంగా ఉన్నాయి.

"పక్కలేసి పిలుస్తున్నావే పిల్లా. మనుషులు రాకపోతే యముడొచ్చి పడుకుంటాడు," అంది అచ్చాయమ్మ.

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదా పిన్నీ?"

"పళ్ళే నిలవలేదు ఈ నోట్లో. మంచి మాటలు నిలుస్తాయా?"

పాల కోసం పోతున్న ఒకావిడ వరండా చూసి ఆగిపోయింది. "ఏంటండీ సిస్టర్ గారూ, మళ్ళీ ఏదన్నా వస్తోందా?"

"ఏం లేదండీ, మంచాలు దులుపుతున్నాం."

ఆవిడ నమ్మలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. కాసేపటికి మూడో నంబరు మంచం మీది బాలింతని అత్తగారు ఆటో ఎక్కించేసింది. "మీరు చెప్పర్లెండి. మాకు కళ్ళున్నాయిగా!" తొమ్మిదిన్నరకల్లా ఎదుటి మందుల షాపులో మాస్కులు అయిపోయాయి.

పదింటికి ఫోన్‌లో ఒక ఆడగొంతు. ఇంగ్లీషులో, మెత్తగా, ఏ తొందరా లేకుండా. బేబీ ఫోన్ పట్టుకుని వార్డుల్లో, వరండాలో నడిచింది. తెర మీద తెలుపు, మళ్ళీ తెలుపు. లెక్క యాభైకి సరిపోయింది.

"ఇన్ని పడకలకి నర్సులెంతమంది?" అని అడిగిందా గొంతు.

ముగ్గురు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. "పన్నెండు మంది మేడమ్."

"మంచిది. ఈ నెల డ్యూటీ చార్టు సాయంత్రంలోగా పంపండి."

మంచాలు స్టోరు గదిలో దొరికాయి. తొమ్మిది మంది మనుషులు ఎక్కడ దొరుకుతారు? మధ్యాహ్నం బేబీ కూర్చుని, పని మానేసి వెళ్ళినవాళ్ళని ఒక్కొక్కర్నీ గుర్తుచేసుకుంది. పెళ్ళై భీమవరం వెళ్ళిన సుప్రియ. రాజమండ్రిలో వేరే ఆసుపత్రికి మారిన ఇంకో సిస్టర్. అలా ఎనిమిది పేర్లు. నైట్ డ్యూటీ గడి ఒక్కటి మిగిలింది. ఆలోచన కంటే ముందే పెన్ను కదిలి శ్రీదుర్గ అని రాసింది.

శ్రీదుర్గ ఆమెతో కలిసి చదివింది. హాస్టల్లో ఇద్దరూ ఒకే అద్దంలో చూసుకుని జడలు వేసుకునేవాళ్ళు. కోవిడ్ రెండో వేవ్‌లో ఇదే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ జ్వరం తగిలి చనిపోయింది.

బేబీ తన చేతివైపు భయంగా చూసుకుంది. పేరు కొట్టేద్దామనుకుంది. కొట్టివేతలున్న చార్టు చూస్తే అనుమానమొస్తుందని, మళ్ళీ మొదట్నుంచి రాసే టైము లేదని, అలాగే ఫోటో తీసి పంపేసింది.

కాలవలు కట్టేసిన రోజులు. నీళ్ళు పోయి మిగిలిన బురదలో కొంగలు దేన్నో పొడుస్తున్నాయి. అయిదో రోజు పొద్దున డాక్టరు గారు రూములోకి పిలిచి ఫోన్ అందించారు.

"అంతా బాగుంది," అంది మెత్తటి గొంతు. "చార్టులోంచి ఒకరితో మాట్లాడితే మీ ఫైలు పూర్తవుతుంది. నైట్ సిస్టర్ శ్రీదుర్గని పిలవండి."

స్పీకర్లో ఆ పేరు విని డాక్టరు గారు ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఎవరి పేరు రాశావమ్మా?" అన్నారు గొంతు తగ్గించి. ఆ వెంటనే, "సర్లే, నువ్వే మాట్లాడెయ్. నిమిషం పని. గొంతు కొంచెం మార్చు."

"శ్రీదుర్గా, లైన్లో ఉన్నారా?"

నాలుగేళ్ళుగా ఈ గోడల మధ్య ఎవరూ ఆ పేరు పెట్టి పిలవలేదు. పిలుపు గదిలో తిరిగి, తలుపు దాటి, వార్డువైపు వెళ్ళినట్టనిపించింది. ఒక్క క్షణం బేబీ కూడా చెవి రిక్కించింది, ఎవరైనా పలుకుతారేమోనని. తన నోరు ఆ పేరుతో పలకబోతోందని తెలిసి ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"ఆమె లేదు మేడమ్. చనిపోయి నాలుగేళ్ళైంది. ఇక్కడున్నవి ఇరవై రెండు పడకలు. నర్సులం ముగ్గురం."

అవతల కీబోర్డు చప్పుడు. చాలాసేపు.

"రాసుకున్నాను," అందా గొంతు, అంతే మెత్తగా. లైను తెగింది.

ఆ రాసుకున్నది ఒక్క దేశంతో ఆగదని, ఎక్కడ దరఖాస్తు పెట్టినా తన పేరు పక్కనే తెరుచుకుంటుందని బేబీకి తెలుసు. డాక్టరు గారు సర్టిఫికెట్ నకలు తీసి, కింద తన సంతకాన్ని ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. ఆరో నంబరులో సెలైన్ అయిపోవచ్చిందని ఎవరో కేకేశారు. బేబీ వెళ్ళింది.