మేము చూడని గంటలు

తొంభైల చివర్లో బెంగళూరులోని ఒక ల్యాబ్‌లో ఎలుకలకు మూర్ఛ తెప్పించడం నా ఉద్యోగం. చెప్పుకోడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది, కానీ జీతం తీసుకున్నదాన్ని, దాచడమెందుకు? ఇంట్లో చెల్లెలికీ అదే జబ్బు. దేవుడికి వెటకారం ఎక్కువ.

పొద్దున సూదిమందు ఇచ్చి, సాయంత్రం ఐదు దాకా బోను ముందు కూర్చునేదాన్ని. మూర్ఛ వచ్చిన ఎలుక తోకకు ఎర్ర గీత, రానిదానికి నీలం గీత. ఐదింటికి మా ఇంటివైపు వెళ్ళే కాటన్‌పేట బస్సు. వచ్చిన మూర్ఛ రెండు నిమిషాల్లో పోయేది. ఎలుక లేచి మీసాలు దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు నావైపు చూసేది. ఆ చూపంటే నాకు భయం. మా చెల్లెలు కూడా లేచాక అలాగే చూసేది.

కొన్నాళ్ళకు వాటిని చంపి, మెదడును పలచటి పొరలుగా కోసి, మందు పూసి, ఫిల్ముకు ఆనించి చీకట్లో వారాల తరబడి ఉంచేవాళ్ళం. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్ ఒకటుంది. దాన్ని తయారుచేయించే జన్యువు ఎక్కడ గట్టిగా పనిచేస్తే ఫిల్ము మీద అక్కడ నలుపు తేలుతుంది. మూర్ఛ పోయి రోజులు గడిచినా ఎర్ర గీత ఎలుకల్లో ఆ నలుపు చిక్కగానే ఉండేది. ఒళ్ళు ఊరుకుంది, లోపల మాత్రం ఊరుకోలేదు.

ఒకరోజు నీలం గీత ఎలుక ఫిల్ము కడిగితే అంతే నలుపు. గీత తప్పు వేశాననుకుని మా సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టి చూశారు.

"సూదిమందు వల్లే కావచ్చు. లేదా నువ్వు బస్సెక్కాక మూర్ఛ వచ్చి ఉంటుంది" అన్నారు.

చెల్లెలికి ఏడాదిగా ఒక్కసారీ రాలేదని ఆ వారమే డాక్టరుకు చెప్పొచ్చాను. నా మాట మీదే ఆయన మాత్రలు తగ్గించారు. మా ఇంట్లో లెక్క ఒక్కటే. అమ్మ దాని చేతిలో ఇనప తాళాల గుత్తి పెట్టాల్సివస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తాను. చెల్లెలు వంటింట్లో బియ్యం ఏరుతోంది. మోచేతి వెనక పాతబడి పసుపు తిరిగిన దెబ్బ, పక్కనే కమిలిన కొత్తది.

"ఎప్పుడొచ్చినాదే?"

"ఏం వచ్చేది? బాగానే ఉండానక్కా."

"నామీద ఒట్టు. చెప్పు."

అది చేట పక్కన పెట్టింది. "వచ్చేముందు నాకు తెలుస్తాదక్కా. బాత్రూములోకి పోయి గడియేసుకోని పండుకుంటా. అమ్మకి వినపడకుండా కొళాయి తిప్పి పెడతా."

"ఎందుకే?" అని అరిచాను.

"డిగ్రీ అయినంక నాలుగేండ్లు నన్ను కాసుకోని ఇంట్లోనే కూర్చుంటివి కదా. నీకీ పని దొరికినప్పుడే అనుకున్నా, ఇంక ఎవురి కంటా పడకూడదని."

ఆ సాయంత్రమే బాత్రూము గడియ పీకించాను. మర్నాడు డాక్టరు మాత్రలు మళ్ళీ పెంచారు. ఆ ఏడాదంతా నేను ల్యాబ్ నుంచి రాగానే అది కాఫీ ఇచ్చి, "ఈ పొద్దు ఎన్ని ఎలుకలకు వచ్చినాదక్కా?" అని అడిగేది. నేను లెక్క చెప్పేదాన్ని. నీకొచ్చిందా అని దాన్ని మాత్రం ఒక్కరోజూ అడగలేదు.