మేకుల గొడవ, మేడ మీద వాటా

మేడ మీద ఒక వాటా వేద్దామని ఈ రోజు పొద్దున లోను కోసం బ్యాంకుకి వెళ్లాను. మేనేజరు గారు నా ఫైలు తిరగేసి, "క్రెడిట్ స్కోరు బాగానే ఉందండి. కానీ మీ మీద కోర్టు డిక్రీ ఒకటి ఇంకా అలాగే ఉందని మా లాయరు గారు రాశారు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్ల కిందట మా నల్లపాడు ఇంట్లో అద్దెకున్న టైలరు మస్తాన్ గోడల నిండా మేకులు కొట్టాడని, అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాను. అతను కోర్టుకెళ్లి గెలిచాడు. తర్వాత తెలిసినవాళ్ల మిర్చి కొట్లో పెద్దమనుషుల ముందు ఆ డబ్బు అతని చేతికిచ్చి, ఇద్దరం టీ తాగి లేచాం. పెద్దమనుషులకి తెలిస్తే కోర్టుకీ తెలిసినట్టే అనుకున్నాం!

మా లాయరుకి ఫోను చేస్తే, డబ్బు ముట్టిందని మస్తాన్ సంతకం పెట్టిన కాగితం కోర్టులో వేస్తే గానీ డిక్రీ తీరదట. మధ్యాహ్నం మొహమాటపడుతూనే అతని షాపుకి వెళ్లాను.

"నీ సంతకం లేకపోతే నాకు లోను రాదంట మస్తానూ."

"దానికింత ఇదైపోతారేంటండీ, పదండి" అంటూ మిషను ఆపి నా బండెక్కాడు. మా లాయరు ఆఫీసులో సంతకం పెట్టేసి, పెన్ను మూస్తూ, "ఆ పై వాటా నాకే ఇవ్వాలండీ. మేకులు మాత్రం ఈసారి మీరే కొట్టించి ఇవ్వండి" అన్నాడు.

నవ్వాపుకోలేక సరేనన్నాను. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లూ, మీ పాత కోర్టు కాగితాలు ఒకసారి చూసుకోండి. అన్నట్టు, ఒక వాటాకి ఎన్ని మేకులైతే సరిపోతాయో తెలిసినవాళ్లు చెప్పండి.