మా నాయన గుచ్చి చూసిన కాలేజీ

బెంగళూరు కాటన్‌పేటలో మా బెల్లం, పప్పుల హోల్‌సేల్ అంగడి ఎంత పెద్దదంటే, ఈ మూల నుంచి ఆ మూలకు బయలుదేరిన ఎలుక దారిలోనే పెళ్ళి చేసుకుని, పిల్లల్ని పెంచి, ముసలిదై చేరుకునేది. ఆ రాజ్యానికి మా నాయన చక్రవర్తి. ఆయన మనుషుల్ని కొద్దిగానే నమ్మేవాడు, మూట పైభాగాన్ని అసలు నమ్మేవాడు కాదు. "పైన బంగారం పోస్తారప్పా, నడుమ ఏముండాదో చూడాల" అంటూ మూటలోకి ఇనుప గొట్టం గుచ్చి, మధ్యలోంచి గుప్పెడు గింజలు లాగి, వాసన చూసి, ఒకటి కొరికి, ఆ తరువాతే నోరు విప్పేవాడు. దళారులు ఆ కొరికే చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

అవి డెబ్భైల నాటి రోజులు. ఆయన కూతుర్ని నేను పీయూసీ పాసయ్యాను. కెమిస్ట్రీ తీసుకుని బీఎస్సీ చదవాలని నా కోరిక. లిట్మస్ కాగితం నీలం నుంచి ఎరుపుకు తిరగడం చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. అంటే, మూడోసారి వడ్డించుకోవడం మానేశాను. నాయనకేమో పక్క వీధిలో కామర్స్ కాలేజీ ఉండగా బస్సెక్కి వేరే చోటికి పోవడమెందుకో అర్థం కాలేదు. అక్కడ చదివితే అంగట్లో లెక్కలు రాయడానికి పనికొస్తానని ఆయన లెక్క. అమ్మ నా తరఫున వాదించగా వాదించగా ఒక మెట్టు దిగాడు.

"సరే. ఏ సైన్సు కాలేజీ అయినా నేను చూసి బాగుండాది అంటే దాంట్లో చేరు. లేదంటే కామర్సే. బుధవారంతో అక్కడ చేర్చుకునేది ఆఖరు, ఆ లోపల తేలిపోవాల."

మొదట పెద్ద కాలేజీకి వెళ్ళాం. అక్కడి స్తంభాలు ఎంత లావంటే, మా వంశమంతా చేతులు పట్టుకున్నా ఒక్కదాన్ని చుట్టలేం. గుమాస్తా బొమ్మలున్న పుస్తకం ఒకటి చేతికిచ్చాడు. నాయన దాన్ని తెరవకుండానే తిరిగిచ్చేశాడు.

"ఇది పైసరుకు. పాఠం జరుగుతా ఉండే గది చూపించప్పా. మొదలూ వద్దు, చివరా వద్దు. నడుమ కూర్చుని చూస్తా."

"ఇది కాలేజీ స్వామీ, సంత కాదు," అన్నాడు గుమాస్తా కన్నడంలో.

"సంతలో అయితే చూపించేవాళ్ళు," అని నాయన కండువా దులుపుకుని వచ్చేశాడు. నా కెమిస్ట్రీ కూడా ఆ దుమ్ముతో పాటే రాలిపోయిందనుకున్నాను. తరువాత చూసిన కాలేజీలలోనూ ఇదే కథ. ఒకచోట బంట్రోతు మమ్మల్ని గేటు దాకా ఎంతో గౌరవంగా తరిమాడు.

మంగళవారానికి మిగిలిన కాలేజీ ఒక్కటే. బసవనగుడిలో ఎవరిదో పాత ఇల్లు, దాన్నే ప్రైవేటు కాలేజీ చేశారు. బోర్డు గోడ కన్నా పొడుగు కావడంతో చివరి రెండక్షరాలు పక్కింటి కాంపౌండులో పడ్డాయి. ఒకప్పటి వంటిల్లే కెమిస్ట్రీ ల్యాబు. ప్రిన్సిపాలుగారే గంట కొట్టుకుంటున్నారు. నాయన కోరిక విని ఆయన గంట కర్ర పక్కన పెట్టి, "పోయి కూర్చోండి, దానికేం," అన్నారు.

పాఠం చెబుతున్నది గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి. మెడలో చిన్న శిలువ, చీర అంచున యాసిడ్ చేసిన చిల్లులు. నాయన ఆఖరి బెంచీలో కూర్చోగానే బెంచీ మూలిగింది. ఇంగ్లీషు పాఠంలో ఆయనకు ఒక్క ముక్కా తెలియదు. అందుకని పిల్లల మొహాలు చూడటం మొదలుపెట్టాడు, వరసగా, కందిపప్పు చూసినట్టు. నేను బెంచీ కింద దూరడానికి చోటు వెతుకుతుండగా ఆయన చెయ్యెత్తాడు.

"అమ్మా, ఒక మాట. వానలు పడితే నా అంగట్లో బెల్లం కారతాది. పక్క మూటలోనే చక్కెర ఉంటాది, అది కారదు. ఏల?"

క్లాసంతా వెనక్కి తిరిగింది. ఆవిడ సుద్దముక్క దింపింది.

"గాలిలో తేమ పీలుస్తుందండీ బెల్లం. చక్కెర అంతగా ఎందుకు పీల్చదంటే..." అని సగంలో వదిలేసి, "నాకు సరిగ్గా తెలీదండీ. చదివి చెప్తాను. గురువారం రాగలరా?"

నాయన తల ఊపాడు. నేను మాత్రం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. గురువారానికి ముందు బుధవారం వస్తుంది కదా.

బుధవారం పొద్దున్నే కామర్సుకు బలి ఇవ్వడానికి తగ్గట్టు ఉతికిన లంగా ఓణీ కట్టుకుని కూర్చున్నాను. నాయన బెల్లం తూయించాడు. భోంచేశాడు. మళ్ళీ బెల్లం తూయించాడు. సాయంత్రమైనా లేవలేదు. చివరికి అమ్మే అడిగింది.

"ఆ కామర్సు కాలేజీకి పోయేది లేదా? గేటు బాగిలు మూసేస్తారు."

"మూసుకోనీలే. ఆయమ్మ రేపు చెప్తానన్నాది గదా."

"చెప్పకపోతే?"

"ఎంతమంది దగ్గర సరుకు కొన్నానో నీకు తెలుసు. నడుమ గుచ్చి అడిగితే, నాకు తెలీదు అన్నోళ్ళు ఒక్కరుండారా?"

నేను పెరట్లోకి పోయి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను.

గురువారం క్లాసులో బోర్లించిన గాజు గిన్నె కింద రెండు పళ్ళేలు, పక్కన తడిపిన దూది. చక్కెర ఎప్పటిలాగే ఉంది, బెల్లం మా అంగట్లోలాగే చెమట్లు కక్కుతోంది. "చక్కెరలో ఉండేది ఒకటే తీపండీ. బెల్లంలో దానితో ఇంకో రెండు తీపులు కలిసి ఉంటాయి. తేమను లాగేది ఎక్కువగా అవే," అని ముందు తెలుగులో నాయనకు చెప్పి, తరువాత ఇంగ్లీషులో పిల్లలకు చెప్పింది. నాయన గిన్నెకు ముక్కు ఆనించి, చూసి చూసి, గాజు మీద ఆవిరి పట్టించాడు.

"మా పాపకు చోటుండాదా అమ్మా?"

"ఉందండీ."

అయినా ఆయన కదల్లేదు. దళారులను గడగడలాడించిన మనిషి కండువా అంచు నలుపుతూ నిలబడ్డాడు. "అప్పుడప్పుడు, అంగడి పని లేనప్పుడు, నేనూ వెనకాల సుమ్మనే, ఊరికే కూర్చుంటే..."

ఆవిడ నవ్వు ఆపుకుంది. "మీ అమ్మాయిని అడగండి. చదవాల్సింది తను కదా."

నాయన నా వైపు తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా అనుమతి అడగడం అదే మొదలు.

"ఏమ్మా?"

"రా నాయనా. నా బెంచీలో మాత్రం కూర్చోవద్దు."

ఆయన చాలా గంభీరంగా తల ఊపి, నా వెనక బెంచీలో సర్దుకుని, పాఠం మొదలుపెట్టమన్నట్టు ఆవిడ వైపు చూశాడు.